కళ్ళెం బిగించే ముందు గుర్రం నోరు చూడండి

(మచ్చ బొల్లారంలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, ఆరోగ్యం గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శి గారు మమ్మల్ని కూడా రెండు మాటలు చెప్పమన్నారు. మేము పెద్ద చదువులు చదివిన వాళ్ళం కాము. మూడు తరాలుగా గుర్రాలను నమ్ముకుని బతుకుతున్న ఇల్లు మాది. అందుచేత మాకు తెలిసిన సంగతే చెబుతామన్నాం. ఏమిటా సంగతి అంటే, "గుర్రపు కళ్ళెం" అన్నాం. ఆయన ముందు నవ్వారు. తర్వాత ఆ పెళ్ళి బరాత్‌లో పడిపోయిన పిల్లవాడు గుర్తుకొచ్చాడు కాబోలు, నవ్వు ఆపేసి "తప్పకుండా చెప్పండి" అన్నారు. ఆ పిల్లవాడి సంగతి మీలో కొందరికి తెలుసు. తెలియని వాళ్ళకు కాసేపట్లో చెబుతాం. దాచుకోవడానికి ఏమీ లేదు.

గుర్రాల మాట మన బస్తీలకు కొత్త కాదు. పక్కనే ఉన్న రిసాలా బజార్ పేరు రోజూ పలుకుతూనే ఉంటాం. రిసాలా అంటే గుర్రపు దళం. ఒకప్పుడు హైదరాబాద్ కాంటింజెంట్ అనే సైన్యానికి బొల్లారం ముఖ్య స్థావరం. ఆ సైన్యంలోని గుర్రపు దళాలను 1903లో ఇండియన్ ఆర్మీలో కలిపి కొత్త పేర్లు, నంబర్లు ఇచ్చారు. అందులో ఒకటి 20వ డెక్కన్ హార్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దళం ఫ్రాన్సు దాకా పోయి, 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే చోట గుర్రాల మీదనే శత్రువు మీదికి దూకింది. డెక్కన్ హార్స్ అన్న పేరు ఇప్పటికీ ఆర్మీలో ఉంది. అయితే వాళ్ళిప్పుడు నడిపేది ట్యాంకులు.

రిసాలాలు పోయిన తర్వాత కూడా గుర్రాలు మనల్ని విడిచిపెట్టలేదు. టాంగాలు నడిచిన రోజులు మన పెద్దలకు బాగా గుర్తు. ఆటోలు వచ్చాయి, టాంగాలు పోయాయి. ఇప్పుడు మిగిలినవి బరాత్ గుర్రాలు, సవారీ నేర్పే గుర్రాలు, రేసులకు పనికిరావని తీసేస్తే నాలుగు చేతులు మారి బస్తీలకు చేరిన గుర్రాలు. వాటి మీద బతికే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గుర్రం ఉంది గానీ, గుర్రాన్ని చూసుకోవడం తెలిసిన పాత సాయీసులు, నాల్‌బందులు, జీన్లు కుట్టేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. వాళ్ళతోపాటు వాళ్ళ చేతి పని కూడా పోయింది. కళ్ళెం వేయడం ఆ పనుల్లో ఒకటి. కొక్కెం పెట్టి బకిల్ బిగిస్తే కళ్ళెం వేసినట్టేనని మన కుర్రవాళ్ళు అనుకుంటున్నారు. మేమూ అట్లాగే అనుకున్నాం.

మా ఇంట్లో మోతీ అని ఒక తెల్ల గుర్రం ఉంది. ఆడ గుర్రం, మెత్తని స్వభావం. మూడేళ్ళు బరాత్‌లకు తిరిగినా ఒక్కనాడూ పేచీ పెట్టలేదు. నాలుగో ఏడు చలికాలం సీజన్‌లో మొదలైంది తంటా. కళ్ళెం తీసుకుని దగ్గరికి పోతే తల పైకెత్తేది. నోరు తెరిచేది కాదు. పగ్గం పట్టగానే తల ఎగరేసేది, నాలుక ఒక పక్కకు వేలాడేసేది. మా అమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది: "ఇది గడ్డి మింగడం లేదురా. నమిలి నమిలి ఉండలు చేసి కింద పడేస్తున్నది." మేము వినలేదు. గడ్డి బాగాలేదేమో అన్నాం. గుర్రానికి పొగరెక్కిందని అన్నదమ్ములం తీర్మానం చేసుకున్నాం.

ముందు ముక్కు పట్టీ రెండు రంధ్రాలు బిగించాం. నోరు తెరవడం ఆగింది, తల ఎగరేయడం పెరిగింది. అప్పుడు తోటి వ్యాపారస్తుడొకడు ముళ్ళ లగామ్ వేయమని సలహా ఇచ్చాడు. మీకు తెలిసే ఉంటుంది, నోట్లో ఉండే ఇనుముకు మొనలు, పళ్ళు తేలి ఉంటాయి. "దీంతో చెయ్యి కదిలిస్తే చాలు, ఎక్కడిదక్కడ నిలబడుతుంది" అన్నాడు. కొన్నాం. వేశాం. రెండు బరాత్‌లు బాగానే నడిచాయి. మూడో బరాత్‌లో దూల్హా ముందు షాబాలాగా ఏడేళ్ళ పిల్లవాణ్ణి కూర్చోబెట్టారు. బ్యాండు వాళ్ళు దగ్గరికొచ్చారు, పటాకులు పేలాయి. మోతీ ఒక అడుగు ముందుకు వేసింది. మాలో ఒకడు భయపడి పగ్గం గట్టిగా గుంజాడు. అంతే, మోతీ ముందరి కాళ్ళు రెండూ పైకి లేపింది. దూల్హా జూలు పట్టుకుని ఆగాడు. పిల్లవాడు జారి రోడ్డు మీద పడ్డాడు. భుజం దగ్గరి జత్రుక ఎముక విరిగింది. అంతకన్నా ఏమీ కాలేదు, అది అల్లా దయ.

ఆ రాత్రి ఇంటికొచ్చి మోతీని కొట్టాం. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నాం, అయినా చెబుతున్నాం. ఆస్పత్రి ఖర్చు పెట్టుకున్నాం. బయానా ఇచ్చిన మూడు ఇళ్ళ వాళ్ళు డబ్బు వాపసు అడిగారు. మోతీని అమ్మేద్దామనుకున్నాం. శుక్రవారం బేరగాడు వస్తానన్నాడు. గురువారం సాయంత్రం ఒక ముసలి చాచా మా ఇంటికొచ్చారు. వెనకటికి గుర్రాల దగ్గర ఊడిగం చేసిన మనిషి. ఆయన మోతీ చుట్టూ ఒకసారి తిరిగి అడిగారు: "బేటా, దీని నోట్లకు చూసినవా?" లేదన్నాం. "నాలుగేండ్లసంది దీని మీద తింటున్నవు, ఒక్కనాడు దీని నోట్లకు చూడలేదా?" అన్నారు.

ఆయన బొటనవేలు నోటి మూలలో పెట్టి, మెల్లగా నాలుక పక్కకు పట్టి, టార్చ్ వేసి చూపించారు. ఎడమ వైపు పళ్ళు లేని ఖాళీ చిగురు మీద అర్ధ రూపాయి బిళ్ళంత పుండు. నాలుక అంచు నల్లగా కమిలి ఉంది. పై దవడ పళ్ళ అంచులు కత్తుల్లా తేలి చెంపల లోపలి కండను కోసేశాయి. మేము బిగించిన ముక్కు పట్టీ ఆ చెంపలను ఆ పళ్ళ మీదికే నొక్కుతూ వచ్చింది. అంటే గుర్రం నోరు తెరిచి "నొప్పిగా ఉంది" అని చెబితే, మేము ఆ నోరు కుట్టేశామన్నమాట. తర్వాత ముళ్ళు పెట్టాం.

అందుకే ఈ రోజు మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. తల ఎగరేసే గుర్రానికి ఇంకా గట్టి కళ్ళెం కొనకండి. ముందు నోరు చూడండి, తర్వాత ఉన్న కళ్ళెం సరిగ్గా కూర్చుందో లేదో చూడండి.

నోరు చూడాలంటే నోటి సంగతి కొంచెం తెలియాలి. గుర్రానికి ముందు కొరికే పళ్ళుంటాయి, వెనక నమిలే దవడ పళ్ళుంటాయి. ఈ రెండింటికీ నడుమ పళ్ళు లేని ఖాళీ చోటు ఉంటుంది. కళ్ళెం ఇనుము, అంటే మనం దహానా అనేది, కూర్చునేది అక్కడే. చూడటానికి దేవుడు కళ్ళెం కోసమే ఖాళీ పెట్టినట్టు కనబడుతుంది. కాని అక్కడ కండ లేదు. పలుచని చిగురు, దాని కింద వెంటనే ఎముక. మన మోకాలి కింద ముంగాలి ఎముక ఎట్లా ఉంటుందో అట్లా. అక్కడ చిన్న దెబ్బ తగిలితే మనం ఎంత గిలగిలలాడతామో మీకే తెలుసు. కింది దవడ నరం ఒకటి ఎముకలో నుంచి బయటికి వచ్చేది కూడా ఆ దగ్గరలోనే. ఏళ్ళ తరబడి ఇనుము కొడితే ఆ ఎముక మీద బొడిపెలు లేస్తాయి.

మగ గుర్రానికి సాధారణంగా 40 పళ్ళు, ఆడ గుర్రానికి 36. కొన్నింటికి పై దవడలో నమిలే పళ్ళకు కాస్త ముందు ఉల్ఫ్ టూత్ అనే చిన్న గింజ పన్ను ఉంటుంది. దహానా దానికి తగిలితే గుర్రం అదిరిపడుతుంది. డాక్టరు దాన్ని తీసేయగలడు. ఇంకొక ముఖ్య విషయం, గుర్రం నమిలే పళ్ళు అరుగుతున్న కొద్దీ చిగురులో నుంచి పైకి వస్తూనే ఉంటాయి. పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. అందుచేత పై పళ్ళ బయటి అంచు, కింది పళ్ళ లోపలి అంచు అరగక కత్తిలా మిగిలిపోతాయి. పై అంచు చెంపను కోస్తుంది, కింది అంచు నాలుకను కోస్తుంది. ఏడాదికి ఒకసారి పశువుల డాక్టరు చేత ఆకురాయితో ఆ అంచులు రాయించాలి. వయసులో ఉన్న గుర్రాలకు ఆరు నెలలకొకసారి చూపించడం మంచిది. ఇది మంగలి పనిలాంటిది కాదు, ఎవరుబడితే వాళ్ళు చేయకూడదు. డాక్టరు మత్తు ఇచ్చి, నోరు తెరిచి పట్టే సాధనం పెట్టి చేస్తాడు.

బయటికి రక్తం కనబడలేదు కాబట్టి నోరు బాగానే ఉందనుకోవద్దు. 2019లో ఫిన్లాండ్ దేశపు పరిశోధకులు బండి పందేల్లో పరిగెత్తిన 261 గుర్రాల నోళ్ళు పందెం అయిన వెంటనే పరీక్ష చేశారు. 219 గుర్రాలకు, అంటే నూటికి 84కు, దహానా తగిలే చోట కొత్త గాయాలు కనబడ్డాయి. అవి మంచి దాణా తినే, డాక్టర్లు చూసే గుర్రాలు. వాటి గతే అట్లా ఉంటే మన బస్తీ గుర్రాల సంగతి ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

ఇక దహానా కొలత. చెప్పులు కొనేటప్పుడు కాలు కొలుస్తాం గదా. దహానా కొనేటప్పుడు మాత్రం కొట్టువాడు ఏది ఇస్తే అది తెస్తాం. ఒక గట్టి తాడు తీసుకుని చివర ముడి వేయండి. ఆ తాడును దహానా కూర్చునే చోట నోట్లో అడ్డంగా పెట్టండి. ముడి ఒక పెదవి అంచుకు ఆనాలి, రెండో పెదవి అంచు దగ్గర గుర్తు పెట్టండి. ఆ కొలతకు రెండు వైపులా పావు అంగుళం మించకుండా కలపండి. అదే మీ దహానా. మోతీ నోరు నాలుగుముప్పావు అంగుళాలు. దానికి ఐదు, మహా అయితే ఐదుంబావు సరిపోతుంది. మేము వేసింది ఆరు అంగుళాలది. ఒక పగ్గం లాగితే అది సర్రున ఆ పక్కకు జరిగిపోయి, నడుమ మడత తప్పుడు చోట గుచ్చుకునేది. ఇరుకైనది వేస్తే ఇంకొక బాధ, వలయాలు పెదవులను నొక్కి ఒరిపిడి పెడతాయి.

దహానా ఎత్తు కూడా చూడాలి. చెంప పట్టీలు రెండూ సమానంగా, ఒకే రంధ్రంలో ఉండాలి. దహానా పెదవుల మూలలకు ఆనీ ఆననట్టు తగలాలి, మూల మీద ఒక ముడత పడితే చాలు. గుర్రం నవ్వుతున్నట్టు పెదవులు పైకి గుంజుకుపోతే మరీ ఎత్తు అయినట్టు. కిందికి వేలాడితే ముందరి పళ్ళకు టకటకా తగులుతుంది, నాలుకను దాని మీదికి వేసుకోవడం గుర్రం నేర్చుకుంటుంది.

లావు దహానా మెత్తన, సన్నది కఠినం అని మన పెద్దలు చెప్పేవారు. ఆ మాట సగమే నిజం. తీగలాంటి సన్నని దహానా కోసేస్తుంది, అది నిజమే. కాని మూసిన నోట్లో ఖాళీ ఎక్కువ ఉండదు. నాలుక నోరంతా నిండి ఉంటుంది. చిన్న నోటి గుర్రానికి బొటనవేలంత లావు ఇనుము పెడితే అది నోరు మూయలేదు. నడుమ ఒకే మడత ఉన్న దహానా, పగ్గాలు రెండూ లాగినప్పుడు అడకత్తెరలాగా మడిచి అంగిట్లో పొడుచుకోవచ్చు. అంగిలి లోతు తక్కువ ఉన్న గుర్రాలకు రెండు మడతలు ఉండి నడుమ చిన్న నున్నని బిళ్ళ ఉన్న రకం హాయిగా ఉంటుంది. కొన్నింటికి మడత లేని, కొద్దిగా వంపు ఉన్న కమ్మీ నచ్చుతుంది. ఏది నచ్చిందో గుర్రమే చెబుతుంది. నోరు మూసుకుని, మెల్లగా చప్పరిస్తూ, పెదవుల మీద కొంచెం తడి నురగ ఉంటే నచ్చినట్టు.

పొడుగు కాడలు, గడ్డం కింద గొలుసు ఉన్న దహానాల మాట వేరు. అవి గునపంలాగా పని చేస్తాయి. కింది కాడ ఎంత పొడుగైతే మీ చేతి బలం గుర్రం నోటి మీద అంత పెరిగి పడుతుంది. మీరు చిటికెన వేలితో లాగినా దానికి పిడికిటితో గుంజినట్టుంటుంది. చెయ్యి కుదిరిన సవారుకు తప్ప ఆ రకం ఇవ్వకూడదు. బ్యాండు శబ్దానికి తానే బెదిరిపోయే పదహారేళ్ళ కుర్రవాడి చేతికి అసలే ఇవ్వకూడదు.

ఇప్పుడు తలకట్టు. చెవుల వెనక పోయే తల పట్టీ వెడల్పుగా, నున్నగా ఉండాలి. చెవి మొదలును కొయ్యకూడదు. నుదుటి పట్టీ పొట్టిగా ఉంటే తల పట్టీని ముందుకు లాగి చెవుల మొదట్లో నొక్కుతుంది. నుదుటి పట్టీ కింద ఒక వేలు తేలిగ్గా ఆడాలి. బరాత్ అలంకారానికని పూసలు, అద్దాలు, కుచ్చులు కట్టినప్పుడు ఈ పట్టీయే ముందు బిగుసుకుంటుంది, గమనించండి. గొంతు పట్టీ కింద నాలుగు వేళ్ళు నిలువుగా పట్టాలి. లేకపోతే గుర్రం మెడ వంచినప్పుడు గొంతు నొక్కుకుంటుంది.

ముక్కు పట్టీ చెంప ఎముక గట్టుకు రెండు వేళ్ళు కింద ఉండాలి. బిగువు చూడవలసింది చెంప పక్కన కాదు, ముక్కు ఎముక మీద నడుమ. అక్కడ రెండు వేళ్ళు దూరాలి. మరీ కిందికి కడితే ముక్కు రంధ్రాల పైనున్న మెత్తని చోటు నొక్కుకుంటుంది. గుర్రం మనలాగా నోటితో ఊపిరి తీసుకోలేదు, ముక్కే దానికి గతి. గుర్రపు స్వారీ పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య కూడా 2025 నుంచి ఈ పట్టీ బిగువును సాధనంతో కొలుస్తున్నది. మనకు సాధనం అక్కర్లేదు, రెండు వేళ్ళు దేవుడిచ్చాడు.

బండికి కట్టే గుర్రానికి కళ్ళ గంతలు పెడితే అవి రెప్పలకు తగలకూడదు. తల వంచకుండా జీనుకు కట్టిపడేసే పట్టీలు బరాత్‌లో అందంగా కనబడతాయని వాడతారు. పూర్వం ఇంగ్లండులో బగ్గీ గుర్రాలకు ఇటువంటి పట్టీయే ఉండేది. 1877లో అచ్చయిన బ్లాక్ బ్యూటీ అనే నవల చదివి జనం దాన్ని అసహ్యించుకోవడం మొదలుపెట్టారు. గంటల తరబడి మెడ అట్లా బిగించి ఉంచితే ఏ ప్రాణికి తిక్క పుట్టదు?

ఇనుము సంగతి కూడా ఒక మాట. తుప్పు పట్టినది, అంచులు అరిగి గరుకైనది పారేయండి. వలయం దగ్గర రంధ్రం అరిగి పెదవిని చిటికె వేస్తుంటే అది కూడా పారేయండి. వాడిన ప్రతిసారి నీళ్ళతో కడగండి. ఎండిన గడ్డి, చొంగ పేరుకుని ఇసుక కాగితంలా ఒరుస్తాయి. మే నెల ఎండలో బయట వేలాడేసిన దహానా నోట్లో పెట్టే ముందు మీ అరచేతిలో పట్టుకుని చూడండి. జనవరి తెల్లవారుజామున కూడా అంతే, చేతిలో కాస్త వెచ్చబెట్టండి. ఒక గుర్రం దహానా ఇంకొక గుర్రానికి వేయవద్దు. గ్లాండర్స్ వంటి రోగాలు కళ్ళేలు, నీళ్ళ బకెట్ల ద్వారా కూడా అంటుకుంటాయి. అది మనుషులకూ సోకే రోగం. నోట్లో, ఒంటి మీద పుండ్లు పడే ప్రాణి కాబట్టి ధనుర్వాతం టీకా తప్పించవద్దు.

మన తెలుగులో ఒక సామెత ఉంది, రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని. మన కుర్రవాళ్ళు ఈ ఒక్క సామెతే నేర్చుకున్నారు. రౌతు కొద్దీ గుర్రం అని ఇంకొకటి ఉంది, అది మరిచిపోయారు. గుర్రం నేర్చుకునేది లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. పగ్గం కొద్దిగా పట్టండి, అది ఒక్క అడుగు తగ్గగానే వెంటనే వదలండి. తగ్గితే హాయి అని దానికి తెలుస్తుంది. తగ్గినా లాగుతూనే ఉంటే ఇక తగ్గడం ఎందుకు? రేసుల నుంచి వచ్చిన గుర్రాలతో ఇంకా జాగ్రత్త. పగ్గం బిగువుగా ఉంటే దాని మీద ఆనుకుని పరిగెత్తడం వాటికి అలవాటు. మీరు ఎంత గుంజితే అంత ముందుకు పోతుంది. వాటికి కొన్ని నెలలపాటు కొత్తగా నడక నేర్పవలసిందే, ముళ్ళ కళ్ళెం ఆ పని చేయదు.

ముళ్ళ లగామ్ లేకపోతే బరాత్‌లో గుర్రాన్ని ఆపేదెట్లా అని మాతో వాదించిన వాళ్ళున్నారు. మేము చూసింది చెబుతున్నాం. బెదిరిన గుర్రానికి నొప్పి తోడైతే దానికి వెనక్కి పోవడానికి దారి లేదు, ముందుకు పోవడానికి దారి లేదు. అప్పుడే పైకి లేస్తుంది. ఆ రోజు పిల్లవాణ్ణి పడేసింది మోతీ కాదు, మేము కొన్న ముళ్ళు. పైగా అది చట్టం ఒప్పుకోని వస్తువు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద బండ్లు లాగే, బరువులు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నియమాల్లో ముళ్ళు, బొడిపెలు, మొనలు ఉన్న కళ్ళేలు వాడకూడదని స్పష్టంగా ఉంది. జంతువు ముఖం మీద కొట్టకూడదు, ముఖానికి వాత పెట్టకూడదని ప్రవక్త (స) నిషేధించిన సంగతి మన పెద్దల నోట విన్నదే. ముఖం మీద కొట్టకూడదన్నప్పుడు నోటి లోపల గుచ్చవచ్చునా? మీరే చెప్పండి.

మోతీ సంగతి ముగించి సెలవు తీసుకుంటాం. శుక్రవారం వచ్చిన బేరగాణ్ణి వెనక్కి పంపేశాం. డాక్టరు వచ్చి పళ్ళ అంచులు రాశారు, టీకా వేశారు. ఆరు వారాలు నోట్లో ఇనుము పెట్టలేదు. ఉత్త ముకేర తాడుతో తిప్పాం. రోజూ ఉప్పు నీళ్ళతో నోరు కడిగాం. మొదటి వారంలోనే గడ్డి ఉండలు కింద పడటం ఆగిపోయింది. అది ముందుగా చూసింది కూడా మా అమ్మే. తర్వాత ఐదంగుళాల నున్నని దహానా కొన్నాం. దాన్ని చూపిస్తే మోతీ తల ఎత్తి వెనక్కి పోయింది. నాలుగు రోజులు బెల్లం ముక్క పెట్టి బతిమాలాం. ఐదో రోజు తనంతట తానే నోరు తెరిచింది. పటాకులంటే ఇప్పటికీ భయమే. అందుకని పటాకులు దూరంగా కాల్చుకుంటామంటేనే బరాత్ ఒప్పుకుంటున్నాం. రెండు బేరాలు పోయాయి. పోనీ.

పళ్ళు రాయించిన ఖర్చు, కొత్త దహానా ఖర్చు రెండూ కలిపినా ఆ పిల్లవాడి ఆస్పత్రి ఖర్చులో పావు వంతు కాలేదు. ఇది డబ్బు లెక్క. రెండో లెక్క ఏమిటంటే, మేము ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి, తప్పు గుర్రానిది కాదు మాదని ఒప్పుకున్నాం. వాళ్ళ నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చాయ్ తెప్పించారు. నెల తిరక్కుండా ఆ పిల్లవాడే నాయినను వెంటబెట్టుకుని వచ్చి మోతీకి క్యారెట్ పెట్టిపోయాడు.

కార్యవర్గానికి మాది మూడు విన్నపాలు. ఏడాదికి ఒక రోజు పశువుల డాక్టరును పిలిపించి మన వాళ్ళ గుర్రాలన్నింటి నోళ్ళు చూపించి, అవసరమైన వాటికి పళ్ళు రాయించి, టీకాలు వేయించాలి. తలా ఇంత వేసుకుంటే ఎవరికీ భారం కాదు. రెండోది, సంఘం గదిలో నాలుగైదు కొలతల నున్నని దహానాలు నమూనాగా ఉంచాలి. కొనేముందు వచ్చి కొలత చూసుకుని, కడిగి వేడి నీళ్ళలో మరిగించి తిరిగి పెట్టి పోతారు. మూడోది, ముళ్ళ లగాములు ఎవరి దగ్గర ఉన్నా ఇక్కడ ఇచ్చేయాలి. ఎవరిది అని అడగవద్దు. మొదటిది మాదే, ఇదిగో తెచ్చాం, ఈ బల్ల మీద పెడుతున్నాం.

ఇళ్ళల్లో ఉండే తల్లులకు, పిల్లలకు ఒక్క మాట. గుర్రానికి గడ్డి వేసేది, నీళ్ళు పెట్టేది మీరే. అది మేత వదిలేసినా, ఒక పక్కనే నమిలినా, నోటి వాసన వచ్చినా, కళ్ళెం చూసి మొహం తిప్పుకున్నా ముందు తెలిసేది మీకే. మగవాళ్ళు వినకపోతే ఇంకోసారి చెప్పండి. మా అమ్మ మాట మేము రెండోసారికైనా విని ఉంటే ఆ పిల్లవాడి ఎముక విరిగేది కాదు.